ఆఫీసు ఈపీఏబీఎక్స్‌లో అవుట్‌గోయింగ్ కాల్స్ కట్టడి: ముందు ఏది మూయాలి, ఏది తెరిచి ఉంచాలి

మీ పరిస్థితి నాకు అర్థమైనంతలో ఇది. గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఎగుమతి ఆఫీసు, ఊరి బయట కోల్డ్ స్టోరేజ్. ఆఫీసులో ఈపీఏబీఎక్స్ మిషన్ (లోపలి ఫోన్లను ఒకదానితో ఒకటి, బయటి లైన్లతో కలిపేది), దానికి నాలుగు మామూలు ల్యాండ్‌లైన్లు, 20 అనలాగ్ ఎక్స్‌టెన్షన్లు, అంటే వైరుతో కలిసే మామూలు టేబుల్ ఫోన్లు. కోల్డ్ స్టోరేజ్‌లో నాలుగు ఐపీ ఫోన్లు, అవి ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు మిషన్‌కే కలుస్తాయి. వేసవిలో యార్డుకు సెలవులిచ్చి ఆఫీసు మూసి ఉన్న రోజుల్లో, రాత్రిళ్లు, మీకు ఏ సంబంధమూ లేని దేశాలకు ఐ.ఎస్.డి. కాల్స్ వెళ్లాయి. బిల్లు చూసిన యజమాని గారు మేనేజర్ ఫోన్ తప్ప మిగతా అన్నిటికీ అవుట్‌గోయింగ్ కట్ చేయమన్నారు. అది ఎలా చేయాలి, చేస్తే సరిపోతుందా అన్నది మీ ప్రశ్న.

సరిపోదండి. పైగా మీరు రాసిన వివరాలు చూస్తే ఆ కాల్స్ చేసింది మీ స్టాఫ్ కాకపోవడానికే ఎక్కువ అవకాశం కనిపిస్తోంది. సెలవు రోజులు, రాత్రి వేళ, ఊరూ పేరూ తెలియని దేశాలు. ఈ మూడూ కలిసి వచ్చాయంటే బయటివాళ్లు మిషన్‌లోకి దూరి మీ లైన్ల మీద కాల్స్ చేశారని ముందు అనుమానించాలి. కొన్ని దేశాల్లో కొన్ని నంబర్లకు కాల్ వస్తే ఆ చార్జీలో వాటా నంబరు తీసుకున్నవాడికి వెళ్తుంది. దొంగలు అలాంటి నంబర్లు చేతిలో పెట్టుకుని, ఎవరి ఆఫీసు మిషనో దొరికించుకుని, తెల్లవార్లూ వాటికి కాల్స్ చేయిస్తారు. వాళ్లకు కావలసింది మాట కాదు, నిమిషాలు. ఎవరూ చూడని సమయం కావాలి కాబట్టే సెలవులు చూసుకుంటారు. అందుకని దయచేసి, రికార్డు చూడకుండా ఎవరినీ ప్రశ్నించకండి. గోదాములో పనిచేసే కుర్రాడి మీద ఒకసారి దొంగ అనే ముద్ర పడితే, తర్వాత అసలు కారణం తెలిసినా ఆ ముద్ర పోదు.

ఈరోజే చేయాల్సిన పని ఒకటుంది. మిషన్ జోలికి వెళ్లకముందే, మీ టెలిఫోన్ కంపెనీకి లెటర్‌హెడ్ మీద లేఖ ఇచ్చి నాలుగు లైన్లకూ ఎక్స్ఛేంజ్‌లోనే ఐ.ఎస్.డి. ఆపించండి. లేఖ అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి. ఎందుకంటే మిషన్‌లో మనం పెట్టే ఏ లాక్ అయినా మిషన్ గుండా వెళ్లే కాల్‌నే ఆపుతుంది. లైను వీధిలోని బాక్సు నుంచి మీ మెట్ల కింద ఉన్న క్రోన్ బాక్సుకు (టెలిఫోన్ వైర్లు కలిపే పెట్టె) వచ్చి, అక్కడి నుంచి మిషన్‌కు వెళ్తుంది. ఆ క్రోన్ బాక్సు మూత తెరిచి ఉంటే, ఎవరైనా రెండు వైర్లకు ఒక చిన్న ఫోన్ తగిలించి నేరుగా డయల్ చేసుకోవచ్చు. మీ మిషన్‌కు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. ఎక్స్ఛేంజ్‌లో పెట్టిన లాక్ మాత్రం ఆ దారిని కూడా మూస్తుంది. ఎగుమతి వ్యాపారం కాబట్టి ఐ.ఎస్.డి. అసలు లేకపోతే కుదరదంటారేమో. అలాగైతే నాలుగింటిలో ఒక్క లైనుకే ఉంచి, మిగతా మూడింటికి తీయించేయండి. చైనా, బంగ్లాదేశ్ కొనుగోలుదారులతో ఇప్పుడు మాటలు ఎక్కువగా మొబైల్ యాప్‌ల మీదే నడుస్తున్నాయి కదా, మీ ఎక్స్‌పోర్ట్ మేనేజర్ గారిని అడిగితే అసలు ఆ ఒక్క లైను కూడా అవసరం లేదనే చెప్పవచ్చు.

తర్వాతి పని, ఎస్.ఎం.డి.ఆర్. రికార్డు బయటికి తీయడం. ప్రతి కాల్‌కు ఏ ఎక్స్‌టెన్షన్, ఏ లైను, ఏ నంబరు, ఎప్పుడు, ఎంతసేపు అన్నది మిషన్ రాసుకునే చిట్టా అది. దీన్ని కంప్యూటర్‌కు గానీ ప్రింటర్‌కు గానీ కలిపి ఉండకపోతే మిషన్ లోపలి మెమరీలో కొన్ని కాల్సే మిగులుతాయి, కొత్తవి వచ్చేకొద్దీ పాతవి చెరిగిపోతాయి. అందుకే ఆలస్యం వద్దు. మిషన్‌ను రీసెట్ చేస్తానని ఏ టెక్నీషియన్ అన్నా, ముందు చిట్టా కాపీ తీశాకే చేయమనండి. రౌటర్ లాగ్ కూడా అంతే, ఇంటర్నెట్ మీదుగా ఎవరు కలిశారో రాసుకునే చిట్టా అది.

చిట్టాను బిల్లు పక్కన పెట్టుకుని చదవండి. ముందు మిషన్ గడియారం సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. గంటో రెండు గంటలో తేడా ఉంటే అంతా తప్పుగా అర్థమవుతుంది. అనలాగ్ లైన్లలో అవతలివాళ్లు ఎత్తిన క్షణం మిషన్‌కు చాలాసార్లు తెలియదు. రింగ్ అయిన సమయాన్ని కూడా కలిపి రాస్తుంది. కాబట్టి నిమిషాల్లో కొంచెం తేడా వస్తే కంగారు పడొద్దు, నంబరు కలిస్తే చాలు.

ఇప్పుడు ఆ కాల్స్ ఎదురుగా ఎక్స్‌టెన్షన్ గడిలో ఏముందో చూడండి. కోల్డ్ స్టోరేజ్ ఐపీ ఫోన్ నంబరు ఉండి, ఆ రాత్రి ఆ గదికి తాళం ఉంటే, బయట ఎక్కడో కూర్చున్నవాడు ఆ ఎక్స్‌టెన్షన్ పేరుతో మీ మిషన్‌లోకి రిజిస్టర్ అయ్యాడని అర్థం. నా అంచనా ఇదే. ఎక్స్‌టెన్షన్ నంబరుకు బదులు మరో లైను నంబరు ఉంటే, అంటే ఒక లైను మీద లోపలికి వచ్చిన కాల్ ఇంకో లైను మీద బయటికి వెళ్లిందంటే, డీసా (బయటి నుంచి ఆఫీసుకు కాల్ చేసి, ఆఫీసు లైను మీద మళ్లీ బయటికి చేసుకునే సౌకర్యం) గానీ కాల్ ఫార్వర్డ్ గానీ తెరిచి ఉందని అర్థం. మామూలు అనలాగ్ ఎక్స్‌టెన్షన్ ఉంటే ఆ గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో ఆలోచించాలి. బిల్లులో ఉండి చిట్టాలో అసలు లేకపోతే, పైన చెప్పినట్టు మిషన్‌కు బయటే వైరు తగిలించారు. వీటిలో మొదటిదీ, రెండోదీ, నాలుగోదీ మీరు ఎన్ని ఎక్స్‌టెన్షన్లు కట్ చేసినా ఆగకపోవచ్చు. యజమాని గారికి ఈ మాట అర్థమయ్యేలా చెప్పండి.

ఇక మీ మిషన్‌లో ఐ.ఎస్.డి. అందరికీ ఎలా తెరుచుకుందన్న సంగతి. ఇది మీ ఒక్కరి ఆఫీసులోనే కాదు, మన వైపు చాలా చోట్ల చూశాను. పాత రోజుల్లో రూలు తేలిక. బయటి లైను తీసుకున్నాక మొదటి అంకె 0 అయితే ఎస్.టి.డి., 00 అయితే ఐ.ఎస్.డి. కాబట్టి గుమాస్తాల ఫోన్లకు 0 మూసేస్తే రెండూ మూసుకునేవి, లోకల్ నంబర్లూ, మన రాష్ట్రం లోపలి మొబైల్ నంబర్లూ మాత్రం వెళ్లేవి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి ఏ మొబైల్‌కు చేయాలన్నా ముందు 0 కొట్టాలన్న నిబంధన వచ్చింది. ఆ రోజు ఉదయం నుంచి ఆఫీసుల్లో మొబైల్ కాల్స్ వెళ్లడం మానేశాయి. అందరూ టెక్నీషియన్లకు ఫోన్ చేశారు. తొందరలో చాలామంది చేసిన పని, 0 మీద ఉన్న బారింగ్‌ను, అంటే ఆ అంకెతో మొదలయ్యే నంబర్లు వెళ్లకుండా పెట్టిన లాక్‌ను, మొత్తంగా తీసేయడం. మొబైల్ కాల్స్ వెళ్లాయి, అందరూ సంతోషించారు. 0 తెరిచినప్పుడు దాని వెనకే 00 కూడా తెరుచుకుందని ఎవరూ చూడలేదు.

కొంతమంది ఇంకో పని చేశారు. స్టాఫ్‌కు కొత్త అలవాటు నేర్పడం ఎందుకని, మిషనే ప్రతి నంబరు ముందు 0 చేర్చేలా పెట్టారు. ఇది పది అంకెలున్న, 6 నుంచి 9 లోపు అంకెతో మొదలయ్యే నంబర్లకు మాత్రమే చేర్చేలా ఉంటే మంచిదే. గుడ్డిగా అన్నిటికీ చేరిస్తే పెద్ద కన్నం పడుతుంది. చాలా మిషన్లు బారింగ్ టేబుల్‌ను 0 చేర్చకముందే చూస్తాయి. ఎవరైనా 0880 అని మొదలుపెట్టి ఒక నంబరు కొట్టారనుకోండి. టేబుల్ దాన్ని 08తో మొదలయ్యే మామూలు నంబరుగా చూసి వదిలేస్తుంది. తర్వాత మిషన్ ముందు ఒక 0 చేరుస్తుంది. ఎక్స్ఛేంజ్‌కు వెళ్లేది 00880. అది బంగ్లాదేశ్. లాక్ ఉన్నట్టే ఉంటుంది, కాల్ వెళ్తూనే ఉంటుంది. మీ మిషన్‌లో ఇలా 0 చేర్చే ఏర్పాటు ఉందో లేదో మొట్టమొదట అడిగి తెలుసుకోండి.

టేబుల్‌ను ఇప్పుడు మళ్లీ రాయాలి. దీని పేరు కంపెనీని బట్టి మారుతుంది. మ్యాట్రిక్స్ మిషన్లలో టోల్ కంట్రోల్ అంటారు, పానసోనిక్‌లో టి.ఆర్.ఎస్. (టోల్ రిస్ట్రిక్షన్) అనో బారింగ్ అనో ఉంటుంది. పని ఒకటే: ప్రతి ఎక్స్‌టెన్షన్‌ను ఒక క్లాసులో పెట్టడం, ఆ క్లాసుకు ఏ అంకెలతో మొదలయ్యే నంబర్లు వెళ్లాలో, ఏవి వెళ్లకూడదో రాయడం. ఇక్కడ నా పద్ధతి ఒక్కటే. వద్దన్నవాటి పట్టిక కాకుండా, కావలసినవాటి పట్టిక రాయండి. వద్దన్నవి రాసుకుంటూ పోతే ఎన్ని దేశాల కోడ్లని రాస్తారు? టేబుల్‌లో గడులు అయిపోతాయి, మర్చిపోయిన కోడ్ ఒకటి మిగిలే ఉంటుంది. కావలసినవి రాస్తే, రాయనిదేదీ వెళ్లదు.

మన జిల్లాల్లో ఒక చిక్కు ఉంది, తెలుసుకుంటే పని తేలికవుతుంది. మొబైల్‌కు అనుమతి, ఎస్.టి.డి.కి వద్దు అని చాలామంది యజమానులు అడుగుతారు. గుంటూరు 0863, విజయవాడ 0866, తెనాలి 08644, ఒంగోలు 08592. ఆంధ్ర కోడ్లన్నీ 08తోనే మొదలవుతాయి. 8తో మొదలయ్యే మొబైల్ నంబరుకు ముందు 0 చేరిస్తే అదీ 08తోనే మొదలవుతుంది. పొడవు చూసి వేరు చేద్దామన్నా కుదరదు, రెండూ 0 కలిపి 11 అంకెలే. కాబట్టి ఎస్.టి.డి.ని ఆపడానికి తంటాలు పడొద్దు. ఇప్పటి ప్లాన్లలో దేశం లోపలి కాల్స్‌కు విడిగా చార్జీ పడేది చాలా తక్కువ, మీ బిల్లు చూసుకుంటే తెలుస్తుంది. ఆపాల్సింది 00ని. ఆ పైన, బయటి కాల్ అవసరమే లేని ఫోన్లకు బయటి లైనే ఇవ్వకుండా ఉంచాలి.

మీ ఆఫీసుకైతే నేను ఇలా విడదీస్తాను. రిసెప్షన్, అకౌంట్స్, కొనుగోలు టేబుళ్లు: లోకల్ నంబర్లు, 01 నుంచి 09 దాకా, 1800, 1860. రైతులతో, లారీ ఆఫీసులతో, బ్యాంకుతో రోజంతా మాట్లాడేది వీళ్లే. వీళ్ల ఫోన్ కట్ చేస్తే పని ఆగుతుంది, లేదా వాళ్ల సొంత మొబైల్ మీద నడుస్తుంది. అప్పుడు మీ రైతుల నంబర్లు, ధరల మాటలు అన్నీ గుమాస్తా సొంత ఫోన్‌లో ఉంటాయి, ఆయన ఉద్యోగం మారితే ఆయనతోనే వెళ్తాయి. కాల్ చార్జీ మిగల్చడానికి ఇంత నష్టం ఎందుకని యజమాని గారిని అడగండి. మీటింగు గది, వరండా, భోజనాల గది ఫోన్లు: ఇంటర్‌కమ్, అత్యవసర నంబర్లు, అంతే. ఎక్స్‌పోర్ట్ టేబుల్ ఒక్కదానికి, ఎక్స్ఛేంజ్‌లో ఐ.ఎస్.డి. ఉంచిన ఆ ఒక్క లైను మీద, మీరు వ్యాపారం చేసే దేశాలు.

ఆ దేశాల కోడ్లు రాసేటప్పుడు పూర్తిగా రాయండి. తేజ రకం మిర్చి వెళ్లే చైనాకు 0086. థాయిలాండ్‌కు 0066, ఇండోనేషియాకు 0062, శ్రీలంకకు 0094. బంగ్లాదేశ్‌కు 00880, చివరి సున్నాతో సహా. తొందరలో 0088 అని ఆపేస్తే 00881, 00882 కూడా లోపలికి వస్తాయి. 881 శాటిలైట్ ఫోన్ల కోడ్, 882 ఏ దేశానికీ చెందని అంతర్జాతీయ నెట్‌వర్కులది. రెండూ బాగా ఖరీదైనవి, దొంగలకు బాగా ఇష్టమైనవి. అమెరికా కొనుగోలుదారు ఉన్నాడని 001 తెరవమంటే ఇంకో జాగ్రత్త ఉంది. జమైకా, డొమినికన్ రిపబ్లిక్, గ్రెనడా లాంటి కరీబియన్ దేశాలు కూడా 1 కిందే ఉంటాయి. 001876, 001809, 001473 లాంటివి విడిగా మూయాలి. లేదా ఆ కొనుగోలుదారు ఏరియా కోడ్ వరకూ రాసి అంతటితో ఆపండి, అదే మేలు.

ఒక్క విషయం ఇక్కడ గట్టిగా చెప్పాలి. ఏ ఫోన్‌కు ఏది మూసినా 112, 100, 101, 108 మూయకూడదు. కోల్డ్ స్టోరేజ్‌లో అమోనియా ఉంటుంది. మిర్చి బస్తాలకు నిప్పంటుకుంటే ఆ ఘాటు పొగలో మనిషి నిలబడలేడు. ఆ సమయంలో ఫోన్ దగ్గర ఉండేది మేనేజర్ కాదు, రాత్రి డ్యూటీ గార్డు. అమెరికాలో 2013 డిసెంబరులో, టెక్సస్‌లోని ఒక హోటల్ గదిలో కారీ హంట్ అనే ఆమె మీద దాడి జరుగుతుంటే తొమ్మిదేళ్ల కూతురు గది ఫోన్ నుంచి 911కు నాలుగుసార్లు చేసింది. బయటి లైనుకు ముందు 9 నొక్కాలని ఆ పాపకు తెలియదు. కాల్ వెళ్లలేదు, తల్లి చనిపోయింది. ఇలాంటి మిషన్లలో ముందు ఏ అంకే నొక్కకుండా 911 వెళ్లాలని 2018లో అక్కడ ఆమె పేరుతో చట్టం చేశారు. మన గార్డుకు కూడా కంగారులో 0 నొక్కి డయల్ టోన్ కోసం ఆగాలని గుర్తుండదు. 112 అని నొక్కితే వెళ్లాలి, 0 నొక్కి 112 నొక్కినా వెళ్లాలి.

మన చిన్న ఆఫీసుల్లో దీనికి అడ్డుపడేది ఎక్స్‌టెన్షన్ నంబర్లే. 101 నుంచి మొదలుపెట్టి వరసగా ఇచ్చుకుంటూ పోతారు. మీకు 24 ఉన్నాయి కాబట్టి 101 నుంచి ఇచ్చి ఉంటే 101, 108, 112 అన్నీ ఎవరో ఒకరి టేబుల్ మీద ఉంటాయి. నిప్పంటుకుందని 101 నొక్కితే రాత్రిపూట ఖాళీ రిసెప్షన్‌లో ఫోన్ మోగుతుంది. అలా ఉంటే ఈ మార్పుల్లోనే ఎక్స్‌టెన్షన్లను 201 నుంచి మార్పించండి. విజిటింగ్ కార్డులు మార్చాల్సి వస్తుందని గొణుగుతారు, అయినా మార్చాలి. పైగా మీ కోల్డ్ స్టోరేజ్ ఫోన్లు ఇంటర్నెట్ మీద నడుస్తాయి. కరెంటు పోయినా, నెట్ పోయినా అవి పనిచేయవు. పనిచేసినా కాల్ వెళ్లేది ఆఫీసు లైను మీద, కాబట్టి అవతలివాళ్లకు కనిపించేది యార్డు దగ్గరి ఆఫీసు నంబరు. గార్డు గదిలో విడిగా ఒక మొబైల్ పెట్టి, గోడ మీద కోల్డ్ స్టోరేజ్ పూర్తి చిరునామా పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి.

ఇప్పుడు దొడ్డిదారులు. మీ విషయంలో అసలు పని ఇక్కడే ఉంది.

ఐపీ ఫోన్ల కోసం రౌటర్‌లో 5060 పోర్టు (ఐపీ ఫోన్లు మిషన్‌తో కలిసే ద్వారం) బయటి ప్రపంచానికి తెరిచి ఉంటే, దాన్ని ఇవాళే మూయించండి. ఆ పోర్టు కోసం ఇంటర్నెట్ అంతా రాత్రింబగళ్లు వెతికే ప్రోగ్రాములు ఉన్నాయి. దొరకగానే ఎక్స్‌టెన్షన్ నంబర్లు వరసగా కొట్టి చూస్తాయి. ఎక్స్‌టెన్షన్ 221, పాస్‌వర్డ్ కూడా 221 అని పెట్టిన ఆఫీసులు నేను చాలా చూశాను. అక్కడ వాళ్లకు పెద్ద శ్రమ ఉండదు. ఆఫీసు రౌటర్‌కు, కోల్డ్ స్టోరేజ్ రౌటర్‌కు మధ్య వీపీఎన్ (ఇంటర్నెట్ మీదే బయటివాళ్లు దూరలేని సొంత దారి) పెట్టించి, ఫోన్లు ఆ దారిలోనే రావాలని చేయండి. వీపీఎన్ వచ్చేదాకా కోల్డ్ స్టోరేజ్ కనెక్షన్‌కు స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ చిరునామా) తీసుకుని, ఆ ఒక్క ఐపీ నుంచే రిజిస్టర్ అయ్యేలా పెట్టొచ్చు. పాస్‌వర్డులు పొడుగ్గా, అర్థం లేని అక్షరాలతో, ఒక్కో ఫోన్‌కు ఒక్కోటి ఉండాలి. ఆ నాలుగు ఫోన్ల క్లాసులో ఐ.ఎస్.డి. ఏ రూపంలోనూ ఉండకూడదు, అప్పుడు ఎవడైనా దూరినా పెద్దగా దోచుకునేది ఉండదు. మిషన్ ప్రోగ్రామింగ్ పాస్‌వర్డ్ 1234 లాంటి ఫ్యాక్టరీ నంబరుగానే ఉందేమో చూడండి. ఉంటే మిగతాదంతా వృథా.

డీసా అంటే బయటి నుంచి ఆఫీసుకు కాల్ చేసి, ఒక కోడ్ కొట్టి, ఆఫీసు లైను మీద మళ్లీ బయటికి కాల్ చేసుకునే సౌకర్యం. మీ ఆఫీసులో ఇది ఎవరికీ అవసరం లేదు, మొత్తంగా ఆపించండి. లోపలికి వచ్చిన కాలర్‌కు రికార్డింగ్ వినిపించి నేరుగా ఎక్స్‌టెన్షన్ నంబరు నొక్కించుకునే ఏర్పాటు ఉంటే ఉండనివ్వండి, కానీ అక్కడ 0 నొక్కితే బయటి డయల్ టోన్ రాకూడదు, ఆపరేటర్‌కే వెళ్లాలి. కాల్ ఫార్వర్డ్ ఆఫీసు లోపలి ఎక్స్‌టెన్షన్లకే పరిమితం చేయండి. తన టేబుల్ ఫోన్‌ను బయటి నంబరుకు ఫార్వర్డ్ చేసుకుని వెళ్లిపోయినవాడికి ఎవరు ఆఫీసుకు కాల్ చేసినా, రెండో కాల్ చార్జీ మీదే. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయికి కూడా ఒక మాట చెప్పి ఉంచండి. టెలిఫోన్ డిపార్ట్‌మెంట్ నుంచి, లైను టెస్టింగు, ఈ కాల్‌ను ఫలానా అంకెలకు ట్రాన్స్‌ఫర్ చేయండి అని ఎవరు అడిగినా చేయకూడదు. బయటి కాల్‌ను బయటి లైనుకు కలపడాన్ని మిషన్‌లోనే ఆపేస్తే ఆమెకు ఆ టెన్షనూ ఉండదు.

అనలాగ్ లైన్లకు మాత్రమే ఉండే ఒక కిటుకు గురించి చాలామంది టెక్నీషియన్లు కూడా ఆలోచించరు. బయటి నుంచి కాల్ వచ్చింది, మాట్లాడారు, అవతలివాళ్లు పెట్టేశారు. ఇవతల రిసీవర్ పెట్టకుండా అలాగే పట్టుకుంటే, కాసేపటికి ఎక్స్ఛేంజ్ మళ్లీ డయల్ టోన్ ఇస్తుంది. మిషన్ దృష్టిలో అది ఇంకా ఇన్‌కమింగ్ కాలే. ఇప్పుడు నొక్కే అంకెలను అది పట్టించుకోదు, నేరుగా ఎక్స్ఛేంజ్‌కు వెళ్తాయి. ఏ క్లాసులో ఉన్న ఫోన్ అయినా సరే, ఏ నంబరైనా వెళ్తుంది. చిట్టాలో ఇన్‌కమింగ్ కాల్‌గానే నమోదవుతుంది. మాట్లాడుతున్న సమయంలో నొక్కిన అంకెలను కూడా చూసి ఆపే సెట్టింగు చాలా మిషన్లలో ఉంటుంది, దాన్ని పెట్టించండి. ఎక్స్ఛేంజ్ నుంచి పొలారిటీ రివర్సల్ (అవతలివాళ్లు ఎత్తినప్పుడు, పెట్టేసినప్పుడు లైను మీద వచ్చే సంకేతం) ఇప్పించుకుంటే అవతలివాళ్లు పెట్టేయగానే మిషన్ తానే లైను వదిలేస్తుంది. దాంతో నిమిషాల లెక్క కూడా సరిగ్గా వస్తుంది.

అలాగే కరెంటు పోయి యూపీఎస్ కూడా దిగిపోతే, చాలా మిషన్లు ఒక లైనును నేరుగా ఒక ఫోన్‌కు కలిపేస్తాయి. ఆ కాసేపు ఆ ఫోన్‌కు ఏ బారింగూ ఉండదు. ఆ సౌకర్యం మంచిదే, తీయించొద్దు. కానీ ఆ ఫోన్ ఎవరి టేబుల్ మీద ఉందో కనుక్కోండి, ఐ.ఎస్.డి. ఉన్న లైను మాత్రం దానికి కలవకూడదు.

నలుగురు వాడే ఫోన్లకు పిన్ కోడ్ పద్ధతి బాగా పనిచేస్తుంది. ఫోన్ తక్కువ క్లాసులో ఉంటుంది. ఎవరికి అవసరమో వాళ్లు తమ కోడ్ కొట్టి కాల్ చేసుకుంటారు, చిట్టాలో వాళ్ల పేరున పడుతుంది. కోడ్ కనీసం ఆరు అంకెలు ఉండాలి, వరసగా తప్పు కొడితే కాసేపు లాక్ కావాలి. కోడ్ ఇచ్చిన వారం తర్వాత ఒకసారి ఆ ఫోన్‌ను ఎత్తి, తిరగేసి చూడండి. అడుగున చిన్న కాగితం మీద కోడ్ రాసి టేపు అంటించి ఉంటుంది. తిట్టకుండా కాగితం తీసేసి, కొత్త కోడ్ ఇచ్చి, ఇది నీ సంతకం లాంటిది, ఎవరు వాడినా నీ పేరే పడుతుంది అని చెప్తే వింటారు.

రాత్రి మోడ్ కూడా వాడుకోండి. సాయంత్రం ఆఫీసు మూసిన సమయం నుంచి ఉదయం దాకా, ఆదివారాలు, యార్డు సెలవు రోజులు మొత్తంగా, అన్ని ఫోన్ల నుంచీ అత్యవసర నంబర్లు, గార్డు ఫోన్ నుంచి మేనేజర్ నంబరు తప్ప ఏదీ వెళ్లకుండా ఇది మిషనే చూసుకుంటుంది. ఈ ఒక్కటి పెట్టి ఉంటే మొన్నటి నష్టంలో చాలా భాగం జరిగేది కాదు. ఒక కాల్ ఇంత సమయం దాటితే కట్ అయ్యే సెట్టింగు పెట్టమని కొందరు యజమానులు అడుగుతుంటారు. నేను ఐ.ఎస్.డి. లైనుకు తప్ప పెట్టను. పంట అమ్ముకునే రైతుతో ధర మాట్లాడుతుంటే మధ్యలో కట్ కావడం బాగుండదు. స్టాఫ్ ఇంటికి చేసుకునే రెండు నిమిషాల కాల్‌ను పట్టుకోవడానికి కూడా ఇవేవీ వాడొద్దని నా మనవి. చిట్టా తీస్తున్నామని అందరికీ ముందే చెప్పండి, నోటీసు బోర్డులో పెట్టండి. నెలకోసారి చూసేటప్పుడు ఐ.ఎస్.డి.లు, రాత్రి కాల్స్, విపరీతంగా పొడుగైన కాల్స్ చూస్తే సరిపోతుంది. ఎవరు ఎవరితో మాట్లాడారో చదువుకోవడానికి కాదు అది.

అంతా పెట్టాక టెక్నీషియన్‌ను పంపించేయకముందే మీరే కూర్చుని పరీక్షించాలి. ల్యాప్‌టాప్‌లో టేబుల్ చూపించి అయిపోయింది అంటే ఒప్పుకోవద్దు. ఒక్కో క్లాసు నుంచి ఒక్కో ఫోన్ దగ్గరికి వెళ్లి మీ వేలితో నొక్కి చూడండి. మొబైల్‌కు, విజయవాడ ల్యాండ్‌లైన్‌కు, 1800 నంబరుకు వెళ్తోందా? బయటి లైను తీసుకున్నాక 00 నొక్కగానే ఎంగేజ్ టోన్ వస్తోందా? ఎక్స్‌పోర్ట్ టేబుల్ నుంచి 00881 కొడితే ఆగుతోందా? మొబైల్ నుంచి ఆఫీసుకు చేయించి, అవతల పెట్టించి, రిసీవర్ పట్టుకుని డయల్ టోన్ వస్తుందేమో వినండి. రాత్రి మోడ్‌ను ఒకసారి పగలే ఆన్ చేయించి మళ్లీ ఇవన్నీ చూడండి. 112 మాత్రం ఊరికే కొట్టి చూడొద్దు, అక్కడ నిజంగా ఆపదలో ఉన్నవాళ్ల కాల్స్ ఉంటాయి. టేబుల్‌లో చూసి, మిషన్ దాన్ని ఏ లైనుకు పంపుతుందో టెక్నీషియన్ చేత చూపించుకుంటే చాలు. చివరగా మొత్తం ప్రోగ్రామింగ్ బ్యాకప్ ఫైలు, పాస్‌వర్డ్ మీ దగ్గర ఒక కాపీ ఉంచుకోండి. చాలా ఆఫీసుల్లో అవి టెక్నీషియన్ ఫోన్‌లో తప్ప ఎక్కడా ఉండవు.

బిల్లు సంగతి. మీ కంపెనీకి వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి, ఆ కాల్స్ వరకు వివాదంలో ఉన్నాయని రాయండి, కంప్లయింట్ నంబరు తీసుకోండి. మిషన్ మీది కాబట్టి చార్జీ మీదేనని వాళ్లు అనే అవకాశం ఉంది, అందుకే చిట్టా, రౌటర్ లాగ్ ముఖ్యం. బయటి ఐపీ నుంచి రిజిస్టర్ అయినట్టు లాగ్‌లో కనిపిస్తే ఆ కాపీలు దగ్గర పెట్టుకుని సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. ఆ ఫిర్యాదు కాపీని కూడా బిల్లు అభ్యంతరానికి జతచేయండి.

చిట్టాలో ఆ కాల్స్ ఎదురుగా ఏ ఎక్స్‌టెన్షన్ ఉందో, మిషన్ కంపెనీ, మోడల్ ఏమిటో, ముందు 0 చేర్చే ఏర్పాటు ఉందో లేదో రాయండి. దాన్ని బట్టి మీ మిషన్‌లో ఏ మెనూలో ఏది మార్చాలో చెప్తాను. బయటి నంబర్లు, పాస్‌వర్డులు మాత్రం ఇక్కడ రాయకండి.